కార్బ్యురేటర్‌కి మారుతున్నారా? పంపు సంగతి తర్వాత, ముందు రిటర్న్ పైపు చూడండి

కిందటి మామిడి సీజన్‌కి ముందు మా మారుతి జిప్సీ పెట్రోలు లైను నాలుగుసార్లు విప్పి బిగించాం. మొదటిసారి పెట్రోలు పొంగింది. రెండోసారి పొంగలేదు గానీ ప్రెషర్ దిగనని మొండికేసింది. మూడోసారి భాకరాపేట ఘాట్ సగంలో బండి నిలబడిపోయింది. నాలుగోసారి కుదిరింది. ఎంపీఎఫ్ఐ (కంప్యూటర్ లెక్క ప్రకారం పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్) తీసేసి కార్బ్యురేటర్ (ఇంజను పీల్చే గాలిలోనే పెట్రోలు కలిపే పాత పద్ధతి) పెట్టుకునేవాళ్ళు ఆ మొదటి మూడూ పడకుండా నేరుగా నాలుగోదానికి రావచ్చని ఇది రాస్తున్నాను.

బండి 1998 మోడల్. ఆర్‌సీ ప్రకారం అది పుట్టుకతో కార్బ్యురేటర్ బండే. మాకు ముందున్న ఓనర్ దానికి ఎంపీఎఫ్ఐ ఇంజను, దాని ట్యాంకు, ఈసీయూ (ఇంజన్ను నడిపే కంప్యూటర్) అన్నీ ఎక్కించి, ఇంజను నంబరు ఆర్‌సీలో మార్పించాడు. దామలచెరువు దగ్గర మా చిన్నాయన తోట షెడ్డులో ఒక వానాకాలమంతా నిలబెడితే ఎలుకలు వైరింగ్ కొరికాయి, పైనుంచి కారిన నీళ్ళు ఈసీయూలోకి దిగాయి. సెకండ్ హ్యాండ్ ఈసీయూలు రెండు తెచ్చి చూశాం, రెండూ పనిచేయలేదు. చివరికి చెన్నై పుదుపేటలో రెండు బారెళ్ళ కార్బ్యురేటర్ ఒకటి కొని, లేత్‌లో అడాప్టర్ ప్లేటు చేయించి బిగించాం.

ముందుకు వెళ్ళే ముందు ఒక మాట. మీది కంపెనీ నుంచే ఎంపీఎఫ్ఐతో వచ్చిన బండి అయితే, రోడ్డు మీద తిప్పేదే అయితే, దాన్ని కార్బ్యురేటర్‌కి మార్చకండి. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న కంపెనీ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. చట్టం పక్కన పెట్టినా పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర దొరికిపోతారు. బీఎస్-2 (భారత్ స్టేజ్ పొగ నిబంధనలు) కంటే ముందు కార్లకు ఐడ్లింగ్‌లో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాకా ఒప్పుకుంటారు. బీఎస్-2, బీఎస్-3 కార్లకు అది 0.5 శాతం, బీఎస్-4కి 0.3. కార్బ్యురేటర్‌తో 3 లోపు ఉంచడం స్క్రూ డ్రైవర్ పని. 0.5 లోపు ఉంచి బండి ఆగిపోకుండా నడపడం మాత్రం మామూలు మెకానిక్ వల్ల అయ్యేది కాదు. పోయింది ఒక సెన్సరో, ఇంజెక్టరో అయితే అదే బాగు చేయించుకోండి, ఖర్చు కూడా తక్కువే. తోటలో, ట్రాక్ మీద తిరిగేవాటికి, మాదిలా వెనక్కి అసలు రూపానికి వెళ్ళేవాటికి మాత్రమే ఈ రాత.

ఇంకోటి. ఈసీయూ తీసేస్తే పెట్రోలుతో పాటు స్పార్క్ కూడా పోతుంది. స్పార్క్‌ను పంచే డిస్ట్రిబ్యూటర్ ఎలా పెట్టుకున్నామన్నది వేరే కథ, ఇక్కడ దాని జోలికి పోను.

నీడిల్ మీద ఎంత బరువు

ఎంపీఎఫ్ఐ పంపు దాదాపు 3 బార్ మీద, అంటే 43 పీఎస్ఐ మీద పనిచేస్తుంది. కార్బ్యురేటర్‌కి చాలావాటికి 2 నుంచి 4 పీఎస్ఐ చాలు. హోలీ లాంటి అమెరికా రకాలు 5 నుంచి 7 దాకా ఓర్చుకుంటాయి, వెబర్ రకానికి 3 దాటితేనే ఇబ్బంది మొదలవుతుంది. ఈ అంకెలు అందరూ చెబుతారు. కానీ తేడా ఎంత పెద్దదో నాకు ఎక్కింది కార్బ్యురేటర్‌లో పెట్రోలు నిలిచే గిన్నె, అదే ఫ్లోట్ చాంబర్, మూత తీసి చూసినప్పుడే.

చాంబర్‌లోకి పెట్రోలు వచ్చే రంధ్రం సుమారు 2 ఎంఎం. దానికి అడ్డంగా ఒక చిన్న నీడిల్. ఆ నీడిల్‌ను పైకి నొక్కిపట్టేది నీటిలో బెండులా తేలే ఫ్లోట్. 3 పీఎస్ఐ దగ్గర పెట్రోలు ఆ నీడిల్‌ను కిందికి తోసే బలం 6, 7 గ్రాములు. అంటే ఒక రూపాయి బిళ్ళ, దానికి తోడు ఇంకో సగం బిళ్ళ బరువు. 43 పీఎస్ఐ దగ్గర అదే రంధ్రం మీద బలం 100 గ్రాములకు దగ్గర. ఫ్లోట్‌ను బొటనవేలితో మెల్లగా నొక్కి చూస్తే దాని శక్తి ఎంతో తెలుస్తుంది. 100 గ్రాములను ఆపే సత్తా దానికి ఎక్కడిది? నీడిల్ తెరుచుకుంటుంది, చాంబర్ నిండుతుంది, పైనున్న వెంట్ గుండా పెట్రోలు పొంగి వేడి మానిఫోల్డ్ మీద పడుతుంది.

ప్రెషర్ తక్కువ చాలు, సరే. మరి ఎంత పెట్రోలు కావాలి? ఇక్కడ చాలామంది భయపడి పెద్ద పంపు కొంటారు. 85 హార్స్‌పవర్ ఇంజను యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపెట్టి పూర్తి పవర్ మీద గంటసేపు నడిస్తే తాగేది 25, 26 లీటర్లు. నిమిషానికి అర లీటరు కూడా కాదు. అలా గంటసేపు తొక్కిపట్టే రోడ్డు చిత్తూరు జిల్లాలో ఎక్కడా లేదు. మొగిలి ఘాట్ మొత్తం ఎక్కినా కొన్ని నిమిషాలే. కాబట్టి గంటకు 60 లీటర్లు ఇచ్చే చిన్న పంపు కూడా సరిపోయి మిగులుతుంది.

ఎంపీఎఫ్ఐ పంపు అలాగే ఉంచి రెగ్యులేటర్ పెడితే

అందరికీ ముందు తట్టేది ఇదే. పంపు ట్యాంకులో ఉండనే ఉంది, పనిచేస్తూనే ఉంది, ముందు ప్రెషర్ తగ్గించే రెగ్యులేటర్ ఒకటి తగిలిస్తే అయిపోతుంది కదా అని. మేమూ అదే అనుకున్నాం. ఇక్కడ రెగ్యులేటర్లలో రెండు జాతులున్నాయని తెలియకపోవడమే మా మొదటి తప్పు.

ఒక జాతికి రెండే ముక్కులు, ఒకటి లోపలికి, ఒకటి బయటికి. అది దారిని ఇరుకు చేసి ప్రెషర్ తగ్గిస్తుంది, కార్బ్యురేటర్ నిండగానే దారి మూసేస్తుంది. రెండో జాతికి మూడో ముక్కు ఉంటుంది. ఎక్కువైన పెట్రోలును అది రిటర్న్ పైపు గుండా వెనక్కి ట్యాంకుకు పంపేస్తుంది.

మేము రెండు ముక్కులది పెట్టాం. సెల్ఫ్ కొట్టగానే బండి స్టార్ట్ అయింది, ఐడ్లింగ్ కూడా బాగానే ఉంది. పది నిమిషాల తర్వాత ట్యాంకు దగ్గర పంపు మోత మారింది. ముందు సన్నగా ఈల వేసేది కాస్తా బొంగురుగా మూలగడం మొదలెట్టింది. అంతలోనే పెట్రోలు వాసన. బానెట్ ఎత్తితే కార్బ్యురేటర్ చుట్టూ తడి, అడాప్టర్ ప్లేటు అంచు మీంచి చుక్కలు. కీ ఆపి, బండిని షెడ్డు బయటికి తోసేసి, దూరంగా నిలబడి చూశాం. మా మెకానిక్ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "సామీ, అది పంపు కాదు, బోరు మోటరు. డెలివరీ కాడ కొళాయి కట్టేసి మోటరు ఆన్‌లోనే పెడితే ఏమవుతాదో మనకు తెల్దా?"

తెలుసు. ఎంపీఎఫ్ఐ పంపు చల్లబడేది తన లోపలి నుంచి పారే పెట్రోలుతోనే. దారి మూసేస్తే కరెంటు ఎక్కువ లాగుతుంది, వేడెక్కుతుంది, చుట్టూ ఉన్న పెట్రోలునూ వేడి చేస్తుంది. అవతల ఆ రెండు ముక్కుల రెగ్యులేటర్ అసలు తయారైందే 7, 8 పీఎస్ఐ పంపుల కోసం. దాని వాల్వు పూర్తిగా మూయలేక కొద్దికొద్దిగా వదిలేస్తుంటే గీత గీతగా ప్రెషర్ పెరిగి చివరికి నీడిల్ లొంగిపోయింది. ఈ జంట మాత్రం ఎవరికీ, ఏ సందర్భంలోనూ పనికిరాదు. ఎవరైనా మా బండికి రెండేళ్ళుగా బాగానే ఉందంటే, వాళ్ళ బానెట్ పక్కన నిలబడి బీడీ కాల్చకండి.

చిన్నాయన మంచం మీద కూర్చుని ఇదంతా చూస్తున్నాడు. "డ్రిప్పుకు బైపాస్ పెట్టుకున్నోళ్ళం, బండికి పెట్టుకోలేమా రా?" అన్నాడు. ఈ మొత్తం వ్యవహారంలో అందరికంటే సరైన మాట ఆయనదే. తోటలో బోరు ఇచ్చే నీళ్ళన్నీ డ్రిప్పు లైను తాగలేదు. అందుకే మెయిన్ మీద బైపాస్ వాల్వు పెట్టి, మిగిలిన నీళ్ళు తొట్టిలోకి వదులుతాం. లైనులో ప్రెషర్ కావాల్సినంతే నిలబడుతుంది, మోటరుకూ ఇబ్బంది లేదు. మూడు ముక్కుల రెగ్యులేటర్ చేసేది అచ్చంగా ఇదే.

సరే, మూడు ముక్కులది తెప్పించాం. ఇక్కడ ఇంకో గుంత ఉంది. ఎంపీఎఫ్ఐ బళ్ళ కోసం అమ్మే అడ్జస్టబుల్ రెగ్యులేటర్లకు కూడా మూడు ముక్కులే, చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి. వాటి స్ప్రింగు పూర్తిగా వదిలేసినా 30 పీఎస్ఐ కిందికి దిగవు. డబ్బా మీద రేంజ్ చదవండి. 3 నుంచి మొదలయ్యేదే మీది.

మాది సరైన రేంజే. స్క్రూ మొత్తం వదిలేశాం. అయినా గేజ్ నాలుగున్నర దగ్గర కూర్చుంది, దిగదు. రెగ్యులేటర్ పాడైందేమోనని తిప్పి పంపబోయాం. అప్పుడు మెకానిక్ రిటర్న్ పైపును ట్యాంకు నుంచి ఊడబెరికి, ఒక పొట్టి వెడల్పు హోస్ తగిలించి క్యాన్‌లో పెట్టాడు. గేజ్ గబుక్కున కిందికి పడింది. తప్పు రెగ్యులేటర్‌ది కాదు, పైపుది.

లెక్క వేస్తే విషయం తెలుస్తుంది. ఆ పంపుకు ఎదురు లేకపోతే గంటకు 120 లీటర్ల దాకా తోస్తుంది. ఇంజను ఐడ్లింగ్‌లో తాగేది లీటరు లోపు. అంటే వచ్చిందంతా వెనక్కి పోవాలి. లోపలి వెడల్పు 5 ఎంఎం ఉన్న మూడు మీటర్ల పైపులో గంటకు 120 లీటర్లు తోయడానికే దాదాపు 3 పీఎస్ఐ ఖర్చవుతుంది. బెండ్లు, ముక్కులు, ట్యాంకు మూతి కలిపితే ఇంకా ఎక్కువ. 43 పీఎస్ఐ మీద నడిచే బండికి ఆ మూడు లెక్కలోకి రాదు, అందుకే కంపెనీవాళ్ళు సన్నటి రిటర్న్ పెట్టారు. మనకు కావాల్సిందే మూడు కాబట్టి అదే మొత్తం కథ అవుతుంది. అదే పైపు లోపలి వెడల్పు ఆరున్నర ఎంఎం ఉంటే ఎదురు 1 పీఎస్ఐ లోపుకి వస్తుంది.

అందుకే ఎవరైనా ఏ పంపు కొనాలని అడిగితే నేను ముందు బండి కిందికి దూరి చూడమంటాను. ట్యాంకు నుంచి ఇంజను దాకా ఎన్ని పైపులున్నాయి? ఒకటేనా, రెండా? కొత్త తరం బళ్ళలో రెగ్యులేటర్ ట్యాంకు లోపలే ఉండి ముందుకు ఒక్క పైపే వస్తుంది. అలాంటి బండికి ఎంపీఎఫ్ఐ పంపు ఉంచుకోవాలంటే ముందు నుంచి వెనక దాకా కొత్త రిటర్న్ వేసి, ట్యాంకుకు ముక్కు పెట్టించాలి. ట్యాంకు దింపి, కడిగి, ఆవిరి పోగొట్టి వెల్డింగ్ చేయించడం టెన్షన్ పని. ఖాళీ ట్యాంకే కదా అని ఎవరైనా నేరుగా గ్యాస్ వెలిగిస్తే అక్కడినుంచి లేచి వచ్చేయండి. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకే ప్రమాదం, పేలేది ఆవిరే.

రెండు పైపులున్నాయి, రిటర్న్ లావుగా ఉంది, పంపు కొత్తది అంటారా? అప్పుడు మూడు ముక్కుల రెగ్యులేటర్‌తో ఎంపీఎఫ్ఐ పంపు ఉంచుకోవడం తెలివైన పనే. లైనులో పెట్రోలు నిరంతరం తిరుగుతూ ఉంటుంది కాబట్టి ఎండాకాలం ఎయిర్ లాక్ (పెట్రోలు ఆవిరై లైనుకు అడ్డుపడడం) బెడద దాదాపు ఉండదు. రేపు మళ్ళీ ఇంజెక్షన్‌కి వెళ్ళాలన్నా అన్నీ చోటనే ఉంటాయి.

మెకానికల్ పంపు

ఇంజను మీదే కూర్చుని, క్యామ్ షాఫ్ట్ కొట్టే దెబ్బకు డయాఫ్రమ్ ఆడే పాతకాలం పంపు. కరెంటు అక్కర్లేదు, రిలే అక్కర్లేదు, ఇంజను ఆగితే తనూ ఆగుతుంది. ప్రెషర్ దానంతట అదే 3, 4 దగ్గర ఉంటుంది. మీ ఇంజనుకు దాన్ని బిగించే చోటు, లోపల దాన్ని కొట్టే లోబ్ (క్యామ్ మీది గుబ్బ) ఉంటే రెండో ఆలోచన లేకుండా ఇదే పెట్టండి. ఎంపీఎఫ్ఐగా పుట్టిన సిలిండర్ హెడ్డులకు సాధారణంగా ఆ చోటు ఉండదు. కొన్నిటికి చోటుండి మూత వేసి ఉంటుంది, మూత వెనక లోబ్ ఉందో లేదో విప్పి చూస్తే గానీ తెలియదు. మా హెడ్డుకు రెండూ లేవు.

దీని బలహీనత వేడి. పంపు ఇంజను మీదే ఉంటుంది, పైగా ట్యాంకు నుంచి అంత దూరం లాగాలి. లాగేటప్పుడు లైనులో ప్రెషర్ తగ్గుతుంది, తగ్గితే పెట్రోలు త్వరగా ఆవిరవుతుంది. మే నెలలో ఘాట్ ఎక్కే అంబాసిడర్ల బానెట్ కింద డ్రైవర్లు పంపుకు తడిగుడ్డ చుట్టడం చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. జపాన్ తరహా పంపుల్లో చాలావాటికి మూడో ముక్కు ఉంటుంది, అది రిటర్న్. దాన్ని మూసేసి రెండింటితోనే నడిపే మెకానిక్‌లు ఉన్నారు. అలా చేయనివ్వకండి.

తక్కువ ప్రెషర్ ఎలక్ట్రిక్ పంపు

మేము చివరికి స్థిరపడింది దీని దగ్గరే, చాలామందికి కుదిరేదీ ఇదే. ఫేసెట్ లాంటి చిన్న పంపులు, అరచేతిలో పడతాయి, టకటకమని కొట్టుకుంటాయి. చాంబర్ నిండగానే ఆ టకటక నెమ్మదిస్తుంది, దారి మూసినా కాలిపోకుండా ఉండేలానే వీటిని తయారుచేస్తారు. కరెంటు ఒకటి, ఒకటిన్నర ఆంపియర్.

ఇందులోనే ప్రెషర్‌ను బట్టి రకాలున్నాయి. 2 నుంచి 4 పీఎస్ఐ ఇచ్చేది తీసుకుంటే రెగ్యులేటర్ అవసరమే రాకపోవచ్చు. పేరూ ఊరూ లేని పంపుల డబ్బా మీద అంకెను నమ్మకండి. మేము మొదట తెచ్చినదాని మీద 3 నుంచి 5 అని ఉంది, గేజ్‌లో 6 చూపించింది. గేజ్ అంటే గుర్తొచ్చింది, లోపల గ్లిజరిన్ నింపినవి బానెట్ కింద వేడెక్కితే తప్పు చూపిస్తాయి. చల్లగా ఉన్నప్పుడు చూసి సెట్ చేసి, తర్వాత తీసేయండి.

ఈ పంపులు తోయడంలో గట్టివి, లాగడంలో మెతకవి. అందుకే ట్యాంకు పక్కనే, వీలైతే పెట్రోలు మట్టం కంటే కిందే, సైలెన్సర్‌కు దూరంగా బిగించాలి. బానెట్ కింద బ్యాటరీ పక్కన పెడితే వైరు పొదుపు అవుతుంది గానీ మధ్యాహ్నం మూడింటికి ఏడిపిస్తుంది.

ఇక భాకరాపేటలో మా బండి ఎందుకు ఆగిందో చెప్పాలి. పంపు కొత్తది, చోటు సరైనదే, ఫిల్టర్ కొత్తదే. తిరుపతిలో రెండు రోజులు తిప్పితే చిన్న లోపం కూడా లేదు. ఘాట్ మొదలై నాలుగో గేర్ నుంచి మూడుకు, మూడు నుంచి రెండుకు దిగేసరికి జెర్క్ కొట్టడం మొదలైంది, ఒక మలుపు దగ్గర ఆగిపోయింది. ఐదు నిమిషాలు ఆగితే మళ్ళీ స్టార్ట్ అయింది, కిలోమీటరు పోయి మళ్ళీ ఆగింది. ఎండ కదా, ఎయిర్ లాక్ అనుకున్నాం. ఉన్న నీళ్ళ బాటిల్ పంపు మీద పోసేశాం. లాభం లేదు.

అసలు సంగతి ట్యాంకులో. పాత ఎంపీఎఫ్ఐ పంపును తీయకుండా కరెంటు వైరు మాత్రం పీకేసి, దాని పైపుకే కొత్త పంపు తగిలించాం. ఆగిపోయిన ఆ పంపు రెక్కల సందుల్లోంచి, దాని వాల్వులోంచి కొత్త పంపు పెట్రోలును పీల్చుకోవాలి. మామూలు రోడ్డు మీద తాగే కొద్దిపాటి పెట్రోలుకు ఆ సందు చాలింది, రెండో గేర్లో ఫుల్ లోడ్ మీద చాలలేదు. చాంబర్‌లో ఉన్నది అయిపోగానే ఆగడం, నిలబెట్టాక మెల్లగా నిండగానే స్టార్ట్ అవడం. ట్యాంకులోని పంపు మాడ్యూల్ పైకి తీసి, పంపును పీకేసి, ఆ చోట అడుగు జాలీ దాకా హోస్ ముక్క వేశాం. అక్కడితో జబ్బు వదిలింది.

ఆ హోస్ ముక్క మామూలుది కాకూడదు. పెట్రోలు హోస్ లోపలి నుంచి తడవడానికి చేసింది, ట్యాంకులో అది బయటినుంచీ మునిగి ఉంటుంది. మామూలు రబ్బరు ఉబ్బి, మెత్తబడి, ముక్కలై ఫిల్టర్‌లో చేరుతుంది. మునిగి ఉండేదానికి ఎస్ఏఈ జె30ఆర్10 అని అచ్చు ఉన్నదే వాడాలి.

ఇంకో చిన్న పని చేశాం, అదే ఈ మొత్తంలో నాకు బాగా నచ్చింది. తక్కువ ప్రెషర్ పంపుకు రిటర్న్ తప్పనిసరి కాదు. కానీ మా బండికి పాత రిటర్న్ పైపు ఊరికే పడి ఉంది. కార్బ్యురేటర్ ముందు ఒక టీ జాయింటు పెట్టి, రిటర్న్ వైపు హోస్‌లో పాత కార్బ్యురేటర్ తాలూకు 100 నంబరు మెయిన్ జెట్ (పెట్రోలును కొలిచి వదిలే రంధ్రమున్న చిన్న ముక్క) దూర్చి క్లిప్పు వేశాం. సోలెక్స్, వెబర్ జెట్లలో 100 అంటే 1 ఎంఎం రంధ్రం. 3 పీఎస్ఐ దగ్గర దాని గుండా గంటకు 13, 14 లీటర్లు వెనక్కి పోతాయి. ఇంజను తాగే 26 కలిపినా 40, పంపు ఇచ్చేదానిలోపే. ఈ కొద్ది పారకంతో లైనులో పెట్రోలు నిలిచి ఉడకదు, ఆవిరి వచ్చినా కార్బ్యురేటర్‌లోకి పోకుండా వెనక్కి తప్పుకుంటుంది. సన్నటి రిటర్న్ మొదట మాకు శత్రువు, ఈ లెక్కన అదే పైపు చక్కగా సరిపోయింది.

ఎవరికి ఏది

హెడ్డు మీద మెకానికల్ పంపుకు చోటుంటే అదే, మూడో ముక్కును రిటర్న్‌కు కలిపి. చోటు లేకపోతే ట్యాంకు పక్కన తక్కువ ప్రెషర్ ఎలక్ట్రిక్ పంపు, పాత పైపు ఉంటే జెట్టుతో రిటర్న్. మళ్ళీ ఇంజెక్షన్‌కు వెళ్ళే ఉద్దేశం ఉండి, లావు రిటర్న్ కూడా ఉంటే మాత్రమే ఎంపీఎఫ్ఐ పంపు, మూడు ముక్కుల రెగ్యులేటర్. ట్రాక్ బళ్ళకు కార్నరింగ్‌లో పెట్రోలు ఒక పక్కకు పోతుందని ఇంజెక్షన్‌లో పెట్టే సర్జ్ ట్యాంకు (చిన్న నిల్వ ట్యాంకు) కార్బ్యురేటర్‌కి సాధారణంగా అక్కర్లేదు, చాంబర్‌లో ఉన్న పెట్రోలే ఆ రెండు మూడు సెకన్లు కాపాడుతుంది.

ఈ20 తెచ్చిన తంటాలు

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాతకాలం కార్బ్యురేటర్‌కు దీనితో రెండు ఇబ్బందులు.

మొదటిది, రబ్బరు. పుదుపేటలో కొన్న కార్బ్యురేటర్ లోపలి గాస్కెట్లు, యాక్సిలరేటర్ పంపు డయాఫ్రమ్, నీడిల్ మొన అన్నీ ఏ కాలానివో తెలియదు. బాగున్నట్టు కనబడినా కిట్ మొత్తం మార్చేయండి. బయటి హోసులకు జె30ఆర్9 తీసుకోండి. ప్రెషర్ కోసం కాదు, లోపలి పొర ఇథనాల్‌ను తట్టుకుంటుందని. మీటర్ల లెక్కన అమ్మే నల్ల హోస్ ధర చూసి మనసు పారేసుకోకండి.

రెండోది, మిశ్రమం. మామూలు పెట్రోలు ఒక కిలో మండడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఈ20కి 13.5 దగ్గర. ఎంపీఎఫ్ఐలో ఆక్సిజన్ సెన్సర్ చూసుకుని ఈసీయూ సర్దుకునేది. కార్బ్యురేటర్‌కు కళ్ళు లేవు. పాత జెట్టే ఉంచితే మిశ్రమం పలచబడి, ఘాట్ మీద మిస్సింగ్ కొడుతుంది, ఇంజను వేడెక్కుతుంది. మేము మెయిన్ జెట్ ఒక సైజు పెంచి ప్లగ్గుల రంగు చూశాం, ఇంకో సైజు పెంచాం, అప్పుడు ఇటుక రంగు వచ్చింది. పెట్రోలు ప్రెషర్ సెట్టింగ్ పూర్తయ్యాకే జెట్ల జోలికి వెళ్ళండి. ప్రెషర్ తప్పుగా ఉన్నప్పుడు చాంబర్ మట్టమే తప్పుగా ఉంటుంది, అప్పుడు మార్చిన జెట్లన్నీ వృథా.

ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కూడా. నెలల తరబడి షెడ్డులో పెట్టే బండి అయితే చాంబర్ ఖాళీ చేసి పెట్టండి.

కీ ఆన్‌లో ఉన్నా, ఇంజను ఆగితే పంపు ఆగాలి

ఎంపీఎఫ్ఐలో కీ తిప్పితే పంపు రెండు సెకన్లు తిరిగి ఆగుతుంది, ఇంజను తిరగడం మొదలెడితేనే మళ్ళీ నడుస్తుంది. ఆ తెలివి ఈసీయూది. అది పోయాక చాలామంది పంపును నేరుగా ఇగ్నిషన్ వైరుకు కలిపేస్తారు. బండి గుద్దుకుని, పైపు తెగి, ఇంజను ఆగిపోయినా కీ ఆన్‌లో ఉన్నంతసేపూ పంపు పెట్రోలు తోస్తూనే ఉంటుంది. ఇక్కడ పొదుపు వద్దు. ఇగ్నిషన్ కాయిల్ నుంచి సిగ్నల్ తీసుకునే రిలే ఒకటి ఉంది, స్పార్క్ ఆగితే పంపు ఆగుతుంది. ఆయిల్ ప్రెషర్ స్విచ్‌తోనూ చేయొచ్చు, కాకపోతే సెల్ఫ్ కొట్టేటప్పుడు పంపుకు కరెంటు వచ్చేలా విడిగా ఒక వైరు ఇవ్వాలి. మేము కాయిల్ రిలే పెట్టి, దానికి తోడు గుద్దుకుంటే తెగే ఇనర్షియా స్విచ్ ఒకటి స్క్రాప్ బండి నుంచి తెచ్చి వరసలో కలిపాం.

రోడ్డెక్కే ముందు

ఫిల్టర్లు రెండు ఉండాలి, పంపుకు ముందు ముతకది, తర్వాత సన్నది. సన్నది ముందు పెడితే పంపు లాగలేదు.

కార్బ్యురేటర్ దగ్గర హోస్ విప్పి, లీటరు సీసాలో పెట్టి, పంపు ఒక నిమిషం తిప్పండి. ఆరుబయట, ఇంజను చల్లగా ఉన్నప్పుడు, పక్కన మంటలార్పే సిలిండర్ పెట్టుకుని. ముప్పాతిక లీటరు వస్తే నిశ్చింత, అర లీటరు లోపైతే ఎక్కడో అడ్డుంది. ట్యాంకు మూత తీసి మళ్ళీ చేయండి. మూత తీస్తే ఎక్కువ వచ్చిందంటే గాలి వెంట్ మూసుకుపోయిందని అర్థం. 43 పీఎస్ఐ పంపుకు ఆ అడ్డు తెలిసేది కాదు, ఈ చిన్నదానికి తెలుస్తుంది.

ఇంజను వేడి పైకి పాకకుండా కార్బ్యురేటర్ కింద 8, 10 ఎంఎం మందం బేకలైట్ స్పేసర్ వేయండి. అది వేసినా, ఏప్రిల్ మధ్యాహ్నం మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరులో టీకి ఆపి పది నిమిషాల తర్వాత సెల్ఫ్ కొడితే మా బండి మొదటిసారికి అందుకోదు. ఇంజను ఆపాక ఆ వేడికి చాంబర్‌లో పెట్రోలు ఉడికి మానిఫోల్డ్‌లోకి (ఇంజనుకు గాలి వెళ్ళే దారిలోకి) దిగుతుంది. చోక్ లాగకుండా, యాక్సిలరేటర్ ఒక్కసారే నేలదాకా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టాలి. పదేపదే తొక్కితే ఇంకా తడుస్తుంది. చిన్నాయన మాత్రం వినడు, బానెట్ ఎత్తిపెట్టి ఇంకో టీ చెబుతాడు.